టీ గ్లాసుల కింద ట్రంకుపెట్టె

కనకకు చచ్చి పుట్టిన ఆడబిడ్డను సెలైను సీసాలు వచ్చిన అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చారు.

ఇరవై రెండేళ్ల కిందటి మాట ఇది. సముద్రం వైపున్న ఊళ్లో ఒక ఆసుపత్రి. చుట్టడానికి గుడ్డ ముక్క ఇమ్మని అడిగింది కనక. "గుడ్డలు మీరే తెచ్చుకోవాలి" అన్నారు. కట్టుకున్న చీర తప్ప ఆమె దగ్గర ఇంకో చీర లేదు. ఆకుపచ్చ నైలాను చీర. దాని చెంగు పళ్లతో కొరికి చింపి, బిడ్డను చుట్టి ముడివేసింది. మర్నాడు పొద్దున్నే భర్త సోంబరుతో కలిసి కిరండోల్ పాసింజరు ఎక్కింది. పెట్టె ఒళ్లో పెట్టుకుంది. బొర్రా దగ్గర సొరంగాలు మొదలయ్యాయి. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిక్నిక్కు వాళ్లు ఈలలు వేశారు, కేకలు పెట్టారు. వెలుతురు వచ్చాక ఎదురు సీట్లో పెద్దమనిషి అడిగాడు.

"ఏటమ్మా, మిక్సీ కొన్నావేటి?"

"ఔను బావూ" అంది కనక.

అంతే. ఆసుపత్రి వాళ్లను ఏమీ అనలేదు. ఆ పెద్దమనిషిని ఏమీ అనలేదు. సోంబరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అలాగే రాళ్లగుడ చేరారు. కొండమీది మనిషికి అవమానం జరిగితే నోరు మూసుకోవడం మర్యాద అని మనమంతా కలిసి నేర్పి పెట్టాం. కనక ఆ పాఠం బాగా నేర్చుకుంది. ఇరవై రెండేళ్లు మర్చిపోలేదు.

రాళ్లగుడ అరకు లోయ అంచున ముప్పై ఆరు గడపల ఊరు. ఊరి పైన ఒక మెట్ట ఉంది. సర్కారు లెక్కలో అది గయాళు భూమి, ఎవరిదీ కాదు. ఊరి లెక్కలో అది చనిపోయిన వాళ్లందరిదీ. పూడ్చిన ప్రతి మనిషికీ అక్కడ ఒక నిలువు రాయి ఉంటుంది. కొండవాగు గెడ్డలోంచి రాయిని ఎంచుకుని, తాళ్లు కట్టి, ఊరు ఊరంతా లాగి తెచ్చి నిలబెడతారు. కొత్త పంట ఇంటికొస్తే మొదటి గుప్పెడు ఆ రాళ్ల దగ్గర పెట్టాకే నోట్లో పెట్టుకుంటారు. మామిడి కొత్త, సామ కొత్త, కంది కొత్త, అన్నింటికీ ఇదే వరస. పేరు పెట్టని బిడ్డలకు రాయి నిలపడం ఆ ఊరి ఆనవాయితీ కాదు. సోంబరు మాత్రం ఎవరినీ అడగకుండా, పొత్రమంత రాయి ఒకటి భుజాన వేసుకొచ్చి బిడ్డ తలవైపు నిలబెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఆరేళ్ల కిందట మిరియాలు కోస్తూ సిల్వర్ ఓక్ చెట్టు మీద నుంచి పడి సోంబరు పోయాడు. అతని రాయిని బిడ్డ రాయి పక్కనే నిలబెట్టింది కనక. నడుమెత్తు రాయి. ఎడమ పక్కన గొడ్డలి దెబ్బలాంటి గంటు ఉంటుంది. ఎకరన్నర కాఫీ తోట, మిరియాల తీగలు, కొండవాలులో సామలు, సంతరోజు నెత్తిమీద మూట. ఆమె బతుకు ఇదే. తర్వాత పుట్టిన కూతురు సోని ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇప్పుడు డిగ్రీలో ఉంది.

ఇక గణపతిరావు సంగతి. మండల కేంద్రంలో ఇతనికి పాతికేళ్లుగా కొట్టు ఉంది. కింద మైదానం నుంచి ఉప్పు, ఎండుచేప తెచ్చి అమ్ముతాడు. కొండ మీద మిరియాలు, చింతపండు, అడ్డాకులు కొంటాడు. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనకూడదని చట్టం ఉంది. గణపతిరావుకు ఆ చట్టం అంటే చాలా గౌరవం. అందుకే అతని గుడారాల క్యాంపు ఉన్న భూమి కనక మరిది ఫల్గుణ పేరు మీద ఉంటుంది. గేటు తాళం మాత్రం గణపతిరావు జేబులో ఉంటుంది. ఫల్గుణ సొంత భూమిలో వాచ్‌మన్ యూనిఫాం వేసుకుని, వచ్చే కార్లకు సెల్యూట్ కొడతాడు.

చలికాలంలో మంచు చూడ్డానికి వచ్చే కార్లు పెరిగాయి. పార్కింగు చాలలేదు. ఫల్గుణ పట్టాకు ఆనుకుని రాళ్ల మెట్ట ఉంది. పోయిన ఏడాది మాఘమాసంలో ఒక సంతరోజు, ఊళ్లో సగంమంది సంతకు పోయిన సమయం చూసి, గణపతిరావు దాని మీదకు జేసీబీ ఎక్కించాడు.

కనక ఆరోజు ఇంటి ముందు కాఫీ గింజలు ఆరబోస్తోంది. పక్కింటి రత్నాలు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఒలమ్మా కనకా, మెట్ట తవ్వీసినారే! ట్రాక్టర్లతోటి మట్టి తోలీసి క్యాంపులోన పరిసేత్తన్నారు!"

ఇద్దరూ వెళ్లేసరికి మెట్ట లేదు. ఎర్రటి గొయ్యి ఉంది. క్యాంపు లోపల మట్టి పరిచి, రోలరు ఒకసారి తిప్పి, డ్రైవరు భోజనానికి వెళ్లాడు. కనక ఆ మట్టిలో నడిచింది. ముందు ఒక దవడ ఎముక కనిపించింది. తర్వాత తొడ ఎముక, విరిగింది. తర్వాత ట్రాక్టరు టైరు గుర్తు పక్కన ఆకుపచ్చని గుడ్డ కొస ఒకటి కనిపించింది. లాగింది. వచ్చింది. నైలాను మట్టిలో కరగదు. చేత్తో వేసిన ముడి అలాగే ఉంది. ముడిలో చిక్కుడు గింజల్లాంటి చిన్న చిన్న ఎముకలు నాలుగైదు ఉన్నాయి.

తలెత్తి చూసింది. చలిమంట వేసే చోటు చుట్టూ రాళ్లు గుండ్రంగా పేర్చి ఉన్నాయి, కూర్చోడానికి వీలుగా, పడుకోబెట్టి. ఎడమ పక్కన గంటున్న రాయి మీద ఒక కుర్రజంట కూర్చుని బొంగు చికెన్ తింటున్నారు. ఆ పిల్ల కనకను చూసి నవ్వి, "ఆంటీ, కాస్త ఫొటో తీస్తారా?" అని ఫోన్ చాచింది.

కనక ఫోన్ తీసుకోలేదు. రత్నాలు ఊళ్లోకి పరుగెత్తి ఆడవాళ్లను పిలుచుకొచ్చింది. పద్నాలుగు మంది చేటలు పట్టుకుని వచ్చి మట్టి చెరిగారు. బియ్యంలో రాళ్లేరినట్టు మనుషుల్ని ఏరారు. క్యాంపు మేనేజరు సాయికుమార్ అడ్డొచ్చి, "గెస్టులున్నారమ్మా, సీన్ చెయ్యకండి" అన్నాడు. రత్నాలు చేట అతని మొహం ముందుకు తోసి, "ఇదిగో మీ గెస్టు, మా మావ. ఈడికి కూడా రూమివ్వు" అంది. ఆ తర్వాత అతను కనిపించలేదు.

ఇక్కడే రాళ్లగుడ వాళ్లు తప్పు చేశారు. రాళ్లగుడ వాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తప్పు. ఎముక బయటపడితే దాని మీద పొద్దు కుంకకూడదని వాళ్ల కట్టడి. మనలాంటి వాళ్లయితే ఎక్కడివక్కడ వదిలేసి, వంద ఫొటోలు తీసి, వకీలుకు ఫోన్ చేసేవాళ్లం. వాళ్లు ఏరిన ప్రతి ఎముకనూ పసుపునీళ్లతో కడిగారు. కొత్త కుండల్లో పెట్టారు. కనక కాఫీ తోటలో, పనసచెట్టు కింద, పొద్దు కొండ దిగకముందే కప్పెట్టారు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు.

మర్నాడు కనక, సోని స్టేషనుకు వెళ్లారు. జీవితంలో మొదటిసారి కనక ఒక ఫిర్యాదు చేయడానికి ఆఫీసు గడప ఎక్కింది.

ఎస్సై విన్నాడు. వింటూనే అడిగాడు. "ఎముకలేవి?"

"కప్పీసినాం బావూ."

"ఎక్కడ?"

"నా తోటలోన. కడిగీసి."

ఎస్సై పెన్ను కింద పెట్టాడు. "కడిగారా?"

"కడక్కండా ఎలాగ కప్పుతాం?"

"పోలీసులు వచ్చేదాకా ముట్టుకోకూడదని తెలీదా? ఎవరు కప్పమన్నారు?"

"పొద్దు గూకిపోతంది కదా బావూ."

మూలనున్న రైటరు నవ్వు ఆపుకోలేకపోయాడు. "సార్, నిందితుడు పొద్దు. రాసుకోండి."

ఎస్సై కూడా నవ్వాడు. తర్వాత సోని వైపు తిరిగి, చదువుకున్న పిల్ల కాబట్టి అర్థమవుతుందన్నట్టు చెప్పాడు. "చూడమ్మా, సెక్షన్ మూడు వందల ఒకటి. శ్మశానంలో చొరబడినా, శవాన్ని అవమానించినా నేరమే. కానీ ఇంటెన్షన్ ఉండాలి. మనసు నొప్పించాలనే ఉద్దేశం. గణపతిరావు గారు మీ నాన్నని అవమానించాలని తవ్వించారా? పార్కింగ్ కోసం తవ్వించారు."

"పార్కింగు కోసం తవ్వితే నొప్పెట్టదేటి బావూ?" అంది కనక.

"ఇంటికెళ్లండమ్మా."

వాళ్లు ఇంటికెళ్లారు. తొమ్మిది రోజుల తర్వాత కేసు నమోదైంది. కనక మీద.

అవును, కనక మీద. క్యాంపులోకి అక్రమంగా చొరబడింది. మానవ అవశేషాలను కదిపింది. సాక్ష్యం మాయం చేసింది. ఫిర్యాదుదారు గణపతిరావు. సెక్షన్లలో మొదటిది అదే మూడు వందల ఒకటి. మెట్ట మీద జేసీబీ ఎక్కించినవాడికి వర్తించని చట్టం, కడిగి కప్పినవాళ్లకు క్షణంలో వర్తించింది. ఈ దేశంలో చట్టానికి కాళ్లు లేవని ఎవరన్నారు? కొండ ఎక్కమంటే ఆయాసపడుతుంది గానీ, కొండ మీద నుంచి ఒక ఆడమనిషిని దింపమంటే పరుగెత్తుతుంది.

తర్వాతి సంతలో కనక మిరియాల మూటతో గణపతిరావు కొట్టు ముందు నుంచి నడిచింది. అతనే పిలిచాడు. కొట్లో పదిమంది ఉన్నారు.

"ఏటే కనకా, పాతికేళ్లుగా మీ ఊరికి ఉప్పు పోస్తన్నాను. నాలుగెముకల కోసం నా మీద కంప్లయింటా?"

కనక ఆగింది.

"గుడి కట్టిత్తాను మీ రాళ్లకి. టైల్సు ఏయిత్తాను. కావాలంటే మీ దేవుళ్లకి ఏసీ పెట్టిత్తాను, సాలా?"

కొట్లో అందరూ నవ్వారు. ఆ నవ్వులో కనక మూట కిందికి దించింది.

"ఆళ్లు దేవుళ్లు కాదు సావుకారూ. మా ఇంటోళ్లు. నీ బాబుని తవ్వి తీసి, కొట్టు ముందర పరిసి, పైన టైల్సు ఏయిత్తే నువ్వు ఊరుకుంతావా?"

నవ్వు ఆగిపోయింది. గణపతిరావు లేచి నిలబడి, "సూత్తాను నీ సంగతి" అన్నాడు. చూశాడు కూడా. ఆ రోజు నుంచి ఆ వీధిలో ఏ కొట్టువాడూ కనక మిరియాలు కొనలేదు. ఒకడు కాటా పాడైందన్నాడు. ఒకడు సరుకు తడిగా ఉందన్నాడు. మూడోవాడు నిజం చెప్పాడు, "మాకెందుకే ఈ గొడవ, ఆ పక్క సంతకి ఎల్లిపో" అని. ఆమె పన్నెండు కిలోమీటర్లు నడిచి ఇంకో సంతకు పోవడం మొదలుపెట్టింది. క్యాంపులో పక్కలు సర్దే పనికి పోతున్న ఊరి ఆడవాళ్లు ఆరుగురిని మాన్పించేశారు. ఆ ఆరిళ్ల వాళ్లు కనకతో మాట్లాడటం మానేశారు. చేటలు పట్టుకొచ్చిన వాళ్లలో నలుగురు ఆ ఆరుగురిలో ఉన్నారు.

ఫల్గుణ వచ్చాడు, యూనిఫాంలోనే. గడప బయట కూర్చున్నాడు.

"వదినా, ఈ కేసు వొగ్గీ. ఊరంతా పాడైపోతంది."

"నీ అన్న రాయి మీద ఆళ్లు ఎంగిలి సేతులు తుడుత్తంటే నువ్వు సెల్యూట్ కొడతన్నావు. ఊరెప్పుడు పాడైనాదిరా?"

ఫల్గుణ తలొంచుకుని కాసేపు నేలమీద పుల్లతో గీతలు గీశాడు. లేచి వెళ్లిపోయాడు. అతని దగ్గర చెప్పని మాట ఒకటి ఉందని కనకకు అనుమానం రాలేదు.

ఆ మాటను సోని పట్టుకుంది. చట్టంలో ఎస్సై చదవని సగాన్నీ ముందు తనే పట్టుకుంది. మూడు వందల ఒకటో సెక్షన్ ఉద్దేశం దగ్గర ఆగదు. మనసు నొప్పించాలనే ఉద్దేశంతో చేసినా నేరమే, నొచ్చుకునే అవకాశం ఉందని తెలిసి చేసినా నేరమే. ఏడాది దాకా జైలు. ఎస్సై మొదటి సగం చదివి పుస్తకం మూశాడు. అంటే గణపతిరావుకు తెలుసని రుజువు చేస్తే చాలు. రాళ్లను చూసి రాళ్లనుకున్నానని అంటాడు కదా. అలాగే అన్నాడు కూడా, స్టేట్‌మెంటులో.

సోని క్లాసు పిల్లలు ఒకరోజు కాలేజీలో ఫోన్లు చూస్తున్నారు. ఆ క్యాంపు పేజీలో పాత వీడియోలు. సోని ఒకటొకటిగా వెనక్కి వెళ్లింది. జేసీబీ రావడానికి నాలుగు రోజుల ముందటి వీడియో ఒకటి దొరికింది. సాయికుమార్ పెట్టాడు, "కొత్త పార్కింగుకి భూమిపూజ" అని, కింద పాట జోడించి. పాట తక్కువ శబ్దంలో ఉంది. వెనక మాటలు వినిపిస్తున్నాయి. సోని వీడియో దాచుకుని, బస్సు దిగి, తోటలో ఉన్న తల్లి దగ్గరకు నేరుగా వెళ్లింది.

"అమ్మా, కూకో. బాబాయి గొంతు వినిపిత్తాది."

గణపతిరావు కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక పసుపు పూసిన నిలువు రాళ్లు. ముందు ఫల్గుణ, చేతిలో నల్లకోడి. రాళ్లగుడలో చనిపోయిన వాళ్లకు కోడి కోస్తే, అక్కడున్న వాళ్లనందరినీ పేరుపేరునా పిలవాలి. పిలవకపోతే ఆ కోడి చెల్లదు. ఫల్గుణ పిలుస్తున్నాడు. తాతల పేర్లు, మామ్మల పేర్లు. "సోంబరన్నా, కోపగించుకోకు, దారివ్వు." గణపతిరావు కొబ్బరికాయ ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని, "బేగి కానీయెహె, ఎంతమందున్నారేటి?" అన్నాడు. ఫల్గుణ ఆగలేదు. చివర్న గొంతు తగ్గించి అన్నాడు. "కనకొదిన గుంటా, పేరు నేని తల్లీ, నువ్వు కూడా."

కనక ఆ మాట దగ్గర సోని చెయ్యి పట్టుకుంది. "మల్లీ ఎయ్యి" అంది. సోని మళ్లీ వేసింది. ఆ బిడ్డను ఇరవై రెండేళ్లలో ఒక్కరు కూడా పిలవలేదు. పిలిచినవాడు దాన్ని తవ్వించడానికి పిలిచాడు.

ఆ సాయంత్రమే కనక ఫల్గుణ ఇంటి ముందు నిలబడింది.

"నువ్వే కోసినావు కోడిని."

"కోసినాను."

"పేర్లేల పిలిసినావురా? నోరు మూసుకుని కోసీలేకపోనావా?"

"పిలవకపోతే సెల్లదు కదొదినా" అన్నాడు ఫల్గుణ, ఏడుస్తూ. "సావుకారు వొద్దన్నాడు. వొప్పుకోనేదు నాను. ఆళ్లని లెగిసిపోమని అడగకండా మిషినెలాగెక్కిత్తాను?"

తప్పు చేస్తూ కూడా పద్ధతి తప్పలేదు ఫల్గుణ. అందుకే దొరికాడు. అందుకే గణపతిరావు దొరికాడు. ఊరందరి పేర్లూ చెవులారా విని, ఇంకా ఎంతమందున్నారని అడిగిన మనిషి, అవి ఉత్త రాళ్లనుకున్నానని ఏ మొహంతో చెబుతాడు?

"స్టేషన్లో సెప్తావా?" అంది కనక.

 ఫల్గుణ యూనిఫాం చొక్కా విప్పి దండెం మీద వేశాడు. "పిలిసినోడిని నాను. ఇప్పుడు పిలవనేదంటే ఆళ్లు ఊరుకుంతారేటి?"

చెప్పాడు. వీడియో చూపించారు. ఎస్సై మొహం మాడ్చుకుని, పై అధికారితో ఫోన్లో మాట్లాడి, గణపతిరావు మీద కేసు రాశాడు. సాయంత్రానికల్లా పేజీలోంచి వీడియో మాయమైంది. వారం తిరిగేసరికి చలిమంట చుట్టూ రాళ్లు కూడా మాయమయ్యాయి. ఇప్పుడక్కడ ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. రాళ్లెక్కడని అడిగితే, ఏ రాళ్లని అడుగుతున్నారు.

కేసు నిలవాలంటే అవి మనుషుల ఎముకలని డాక్టరు చెప్పాలి. చెప్పాలంటే తవ్వాలి. కనకకు ఈ మాట అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక రెండు రోజులు పనసచెట్టు దగ్గరే కూర్చుంది. ఒకసారి జేసీబీ తవ్వింది. రెండోసారి తానే తవ్వమని సంతకం పెట్టాలి. పెట్టకపోతే గణపతిరావు కేసు పోతుంది, కనక మీద కేసు మిగులుతుంది. ఎముక తీస్తే ఇంకో కట్టడి ఉంది. తవ్వి తీసిన ఎముక మళ్లీ మట్టికి చేరేదాకా ఆ ఇంటివాళ్లు కొత్త పంట తినకూడదు.

"తియ్యండి" అంది. "గానీ నా సేత్తోటే తీత్తాను."

తహసీల్దారు, డాక్టరు, ఎస్సై గొడుగుల కింద నిలబడ్డారు. కనక బొరిగెతో మట్టి తీసి, కుండలు ఒక్కొక్కటిగా పైకి అందించింది. చివరగా ఆకుపచ్చ ముడి. డాక్టరు చూసి, రాసుకుని, "ల్యాబుకి పంపాలి, ప్యాక్ చేయండి" అన్నాడు. కానిస్టేబులు జీపులోంచి పెట్టె తెచ్చాడు.

అట్టపెట్టె. సెలైను సీసాలది.

కనక ఆకుపచ్చ ముడిని గుండెకు అదుముకుని వెనక్కి జరిగింది.

"అందులోన వొద్దు."

"ఏంటమ్మా మళ్లీ?" అన్నాడు ఎస్సై. "టైమవుతోంది."

"అందులోన పెట్టనివ్వను. ఒకసారి పెట్టినారు. నోరు మూసుకుని ఒళ్లో ఎట్టుకుని తెచ్చుకున్నాను. మిక్సీయా అంటే ఔనన్నాను. ఇప్పుడు పెట్టనివ్వను. నన్ను కూడా అందులో పెట్టి తీసుకుపొండి."

జీపు ముందు కూర్చుంది. గొడుగుల కింద పెద్దమనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సోని ఇంటికి పరుగెత్తి తన హాస్టలు ట్రంకుపెట్టె తెచ్చింది. ఆశ్రమ పాఠశాలలో చేరినప్పుడు ఇచ్చిన రేకుపెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో 'సోని, ఐదో తరగతి' అని రాసి ఉంటుంది. కనక లోపల కొత్త చీర పరిచి కుండలు సర్దింది. పైన ముడి పెట్టింది. ఎస్సై సీలు వేశాడు. కాగితం మీద ఇలా రాసుకున్నారు: పాత ట్రంకుపెట్టె ఒకటి.

ఇది జరిగి పది నెలలు. ఆ పెట్టె ల్యాబుకు వెళ్లలేదు. ఉత్తరం రాయలేదని స్టేషను వాళ్లు ఒకసారి, వాహనం లేదని ఒకసారి, ఆ ఎస్సై బదిలీ అయ్యాడని ఇంకోసారి చెప్పారు. కనక ప్రతి సంతరోజూ స్టేషనుకు వెళ్తుంది. గేటు దగ్గర సెంట్రీ, "వచ్చిందిరోయ్ పెట్టెమ్మ" అని లోపలికి కేకేస్తాడు. పెట్టె వరండా చివర గదిలో, పట్టుకున్న సారా డబ్బాల పక్కన ఉంది. వానాకాలంలో పైకప్పు కారి మూత తుప్పు పట్టింది. దాని మీద టీ గ్లాసులు పెడతారు. కనక వెళ్లి గ్లాసులు తీసి కిటికీలో పెట్టి, చెంగుతో మూత తుడిచి, కాసేపు పక్కన నిలబడి వచ్చేస్తుంది. మళ్లీ వెళ్లేసరికి మూత మీద కొత్త మరకలు, గుండ్రంగా.

"తియ్యండి బావూ, మనుసులున్నారు అందులోన" అందొకసారి.

"ప్రాపర్టీ అమ్మా అది. కోర్టు ప్రాపర్టీ" అన్నాడు కొత్త ఎస్సై రవికుమార్, టీ తాగుతూ.

చూశారా, చట్టంలో ఎక్కడ బొక్క ఉందో? తెలిసి అవమానిస్తే నేరం. నిర్లక్ష్యంగా మూలన పడేసి తుప్పు పట్టిస్తే నేరం కాదు. ఎవరి ఉద్దేశమూ లేకుండానే కనక బిడ్డ రెండోసారి పెట్టెలో ఉంది. జేసీబీవాడికి ఉద్దేశం లేదు. ఎస్సైకి లేదు. డాక్టరుకు లేదు. టీ గ్లాసు పెట్టేవాడికి అసలే లేదు. ఉద్దేశం ఉన్నది ఒక్క కనకకే. మట్టిలో పెట్టాలని.

ఈ పది నెలల్లో మామిడి కొత్త వెళ్లింది. సామ కొత్త వెళ్లింది. కంది కొత్త మొన్ననే వెళ్లింది. కనక తన చెట్టు మామిడి ముట్టుకోలేదు. తాను పండించిన సామలు వండుకోలేదు. రేషను బియ్యం, ఉప్పు, పాత చింతపండు, అంతే. చేతికొచ్చిన పంట గాదెలో ఉంది, తలుపు వేసి ఉంది. ఆమె మీద కేసుకు ఇప్పటికి నాలుగు వాయిదాలయ్యాయి. గణపతిరావు కేసులో ఇంకా చార్జిషీటు పడలేదు. ల్యాబు నివేదిక కోసం ఆగారట.

పోయిన చలికాలం మీరు అరకు వచ్చారా? చలిమంట దగ్గర గుండ్రంగా పేర్చిన రాళ్ల మీద కూర్చున్నారా? అయితే ఈ పత్రిక పక్కన పెట్టి ముందు మీ ఫోన్ తెరవండి. పోయిన ఏడాది మాఘం నుంచి ఉగాది దాకా తీసుకున్న ఫొటోలు వెతకండి. నడుమెత్తు రాయి, ఎడమ పక్కన గొడ్డలి గంటు. దాని పక్కన పొత్రమంత చిన్న రాయి. మీ నవ్వు వెనక కనిపిస్తే ఆ ఫొటో, అది తీసిన తేదీతో సహా కోర్టుకు చేర్చండి. మాయమైన రాళ్లకు మిగిలిన సాక్ష్యం మీరే. సిగ్గుపడి చెరిపేయకండి. మీకు తెలియదు, కాబట్టి మీ మీద నేరం లేదు. ఇప్పుడు తెలిసింది.

ఫొటో లేని వాళ్లు ఒక కార్డు రాయండి. జిల్లా కలెక్టరుకు ఒకటి, జిల్లా పోలీసు అధికారికి ఒకటి. పొడుగు రాతలక్కర్లేదు. 'సోని, ఐదో తరగతి' అని రాసున్న ట్రంకుపెట్టెను ఈ వారమే ల్యాబుకు పంపండి, పరీక్ష అయిన వెంటనే కనక చేతికివ్వండి, అదీ పొద్దు ఉండగానే. ఇంత రాస్తే చాలు. మీ ఎమ్మెల్యే, మీ ఎంపీ ఓటుకు వచ్చినప్పుడు, చనిపోయినవాళ్ల ఎముకల్ని నిర్లక్ష్యం చేస్తే ఎందుకు నేరం కాదో అడగండి.

మామిడి పూత వచ్చేసింది. ఈసారైనా కనక తన చెట్టు కాయ తినాలి.